ఆకు ప్రొటీన్ ఉగ్గు పొడి: నా అనుభవం

నిన్ననే ఫుడ్ లైసెన్సు ఆఫీసు నుంచి తిరిగొచ్చాం. ఒళ్లు ఇంకా మండుతోంది, అందుకే ఆ వేడి మీదే రాసేస్తున్నా.

బెంగళూరు మారతహళ్లిలో మా వీధి చివర బిల్డింగ్ పనివాళ్ల షెడ్లున్నాయి, కర్నూలు, రాయచూరు వైపు వాళ్లే ఎక్కువ. పిల్లలకి ఆరు నెలలు దాటాక పెట్టేది గంజి, లేదంటే టీలో ముంచిన బిస్కెట్. డబ్బా ఫుడ్ ఎక్కడ కొంటారు! అందుకే నేనూ మా వదినా తక్కువ ధరలో ఉగ్గు పొడి చేసి అమ్ముదాం అనుకున్నాం. రాగులు మొలకెత్తించి, ఆరబెట్టి, వేయించి పట్టించడం, వేయించిన పెసరపప్పు కలపడం మాకు అలవాటైన పనే. మొలకల పిండైతే జావ గట్టిపడదు, అదే గిన్నెలో ఇంకాస్త పిండి పడుతుంది.

అందులో కలపాలనుకున్న ఆకు ప్రొటీన్, అంటే ఆకుల రసం నుంచి తీసే ప్రొటీన్ ముద్ద, అది కూడా పెద్ద కష్టమేం కాదు. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పిరీ అనే సైంటిస్టు రెండో ప్రపంచ యుద్ధం నాటి నుంచీ దీని వెంటే పడ్డాడు, మన మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐలోనూ పని జరిగింది. మడివాళ మార్కెట్ నుంచి తోటకూర తెచ్చి బాగా కడిగి, గ్రైండర్‌లో రుబ్బి గుడ్డలో పిండాలి. ఆ రసాన్ని పొంగు వచ్చేదాకా కాచితే విరిగిన పాలలా పచ్చటి ముద్ద పైకి తేలుతుంది, దాన్ని వడకట్టి బరువు పెట్టాలి. పది కేజీల ఆకుకి అరకేజీ ముద్ద వస్తే గొప్ప. పిప్పి పక్కవీధి ఆవులకి. పచ్చివాసనకి పిల్లలు మొదట ఊసేశారు, అరటిపండు మెదిపి కలిపితే మింగారు.

అసలు కథ లైసెన్సు దగ్గర. కన్సల్టెంట్ అని ఒకాయన అడ్వాన్సు తీసుకుని, పాప బొమ్మ ఉంటేనే అమ్ముడుపోతుంది మేడం అని నవ్వుతున్న పాప బొమ్మతో కవర్లు కొట్టించాడు. కౌంటర్‌లో ఆఫీసరు ప్యాకెట్ విప్పి, వాసన చూసి, పైకెత్తి రూమంతా చూపించి "ఏనమ్మా, మక్కళిగె హుల్లు తిన్నిస్తీరా?" అన్నాడు. గడ్డి పెడతారా అని! క్యూలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. మా వదిన మాత్రం తగ్గలేదు, "నీవు సొప్పు తిన్నోదిల్వా సార్?" అని అడిగేసింది, మీరు ఆకుకూర తినరా అని. అనంతపురం ఆడపిల్ల మరి.

అప్పుడు ఆఫీసరు చెప్పాడు: 1992 చట్టం ప్రకారం శిశు ఆహారం ప్యాకెట్ మీద పాప బొమ్మా తల్లి బొమ్మా ఏదీ ఉండకూడదట, రెండేళ్లలోపు పిల్లల ఫుడ్‌కి ప్రచారమే చెయ్యకూడదట, పైగా శిశు ఆహారం ప్రమాణాలకి తగ్గట్టు ఉండాలట, అంటే యూనిట్టు, ల్యాబు, టెస్టులు. చట్టం మంచిదే, డబ్బా కంపెనీలు తల్లిపాల పొట్ట కొట్టకుండా పెట్టారు, నేను కాదనను. కానీ ఆ మాట మెల్లగా చెప్పొచ్చుగా? ఇక మా కన్సల్టెంటు ఫోన్ చూసుకుంటూ "మేడమే అడిగారు సార్" అన్నాడు చూడండీ!

అమ్మకం మానేశాం. ఇప్పుడు ఆదివారాలు షెడ్డులోనే తల్లులకి చేసి చూపిద్దామని. ముద్ద ఏ రోజుది ఆ రోజే వాడాలి, ఉప్పు, పంచదార వద్దు, ఏడాదిలోపు తేనె అసలొద్దు, మొదట పిల్లల డాక్టర్ని అడగండి. అమ్మాలనుకుంటే మాత్రం శిశు ఆహారం రూల్స్ మీరే చదువుకోండి, మధ్యవాళ్లకి పైసా ఇవ్వకండి. మా కన్సల్టెంటేమో నేను అడ్వాన్సు వెనక్కి అడుగుతానని పొద్దుట్నుంచి ఫోన్ ఎత్తట్లేదు.