జకార్తా కథీడ్రల్ ముఖద్వారం: కట్టడంగా నిలిచిన దేవమాత ప్రార్థన

“అన్ని తరములవారును నన్ను ధన్యురాలని యందురు” (లూకా 1:48). ఇండోనేషియా రాజధాని జకార్తాలోని మరియమాత మోక్షారోపణ కథీడ్రల్ ముఖద్వారం పైన, తల్లి స్వరూపం దగ్గర ఈ మాట లాటిన్‌లో ఉంది. చాలామంది అక్కడ ఫొటో తీసుకుని లోపలికి వెళ్లిపోతారు. నిజానికి నిలబడి జపించాల్సిన చోటది. జపమాల ముగిశాక మరియమాతను ఒక్కో బిరుదుతో పిలుస్తూ, ప్రతిదాని తర్వాత “మా కొరకు ప్రార్థించండి” అంటూ మనం చెప్పుకునే దేవమాత ప్రార్థనలోని బిరుదులే అక్కడ ఇటుకతో, ఇనుముతో లేచాయి.

ప్రార్థనలో ఉన్న వరుసనే పాటించండి. ముందు తలుపు పైనున్న గుండ్రటి రంగుటద్దాల కిటికీ, మర్మమైన రోజా పుష్పం. తర్వాత 60 మీటర్ల జంట గోపురాలు: దావీదు గోపురం, దంత గోపురం. ఈ రెండూ బైబిల్‌లోని పరమగీతం అనే గ్రంథంలోని ఉపమానాలు. దావీదు గోపురానికి వేయి డాళ్లు వేలాడతాయని 4:4 అంటుంది కనుక ఆ బిరుదు దగ్గర శోధనలో ఉన్నవారిని తలుచుకోవాలి. ఆపైన స్వర్ణమందిరమా, నిబంధన మందసమా అని, ‘పరలోక ద్వారమా’ అంటూ గడప దాటవచ్చు.

తొందరపడితే ఈ ప్రార్థన చెడుతుంది. బిరుదు పూర్తికాకముందే “మా కొరకు ప్రార్థించండి” అనేస్తారు. మధ్యలో ఒక్క శ్వాస ఆగాలి. పాత ప్రార్థన పుస్తకాలతో ఇంకో చిక్కుంది: పోప్ ఫ్రాన్సిస్ 2020లో చేర్చిన కనికరపు తల్లి, నిరీక్షణ తల్లి, వలసదారుల ఓదార్పు అనే మూడు బిరుదులు వాటిలో ఉండవు. గల్ఫ్‌కు బిడ్డల్ని పంపిన మన ఇళ్లలో మూడోదాన్ని అస్సలు వదలకూడదు.

పాత గుడి 1890లో కూలిపోయింది. యేసుసభ (జెసూయిట్) గురువు ఆంటోనియస్ డైక్‌మన్స్ కొత్తదానికి నమూనా గీశారు. డబ్బు చాలక పని ఏళ్లపాటు ఆగి, చివరికి 1901 ఏప్రిల్ 21న ప్రతిష్ఠ జరిగింది. బరువు తగ్గాలని గోపుర శిఖరాలు ఇనుముతో, లోకప్పు వంపులు టేకుతో చేశారు.

రోడ్డుకు అవతలే ఇస్తిక్లాల్ మసీదు. దాని శిల్పి ఫ్రెడరిక్ సిలబాన్ ప్రొటెస్టంట్ క్రైస్తవుడు. అక్కడ పఠించే ఖురాన్‌లో 19వ సూరా పేరే మరియం. 3:42లో దేవదూతలు ఆమెను స్త్రీలందరిలో ఎన్నికైనదానివని అంటారు. గుడి తలుపు మీది “అన్ని తరములవారును” అన్న మాటలో ఆ పొరుగువారూ ఉన్నారనే మా విశ్వాసం. క్రిస్మస్‌కు మసీదు ఆవరణలో కథీడ్రల్‌కు వచ్చేవారి బండ్లు నిలుపుకోనిస్తారు. 2017లో రంజాన్ పండుగ ఆదివారం పడినప్పుడు కథీడ్రల్ తన ఉదయపు దివ్యబలిపూజను ఆలస్యంగా పెట్టుకుంది.