క్రికెట్ పిచ్ పొడవు, పది సెంట్లు, నాలుగు గుంటలు

బ్రిటన్ బళ్ళలో పిల్లలకు నేర్పేది మీటర్లూ సెంటీమీటర్లే. కానీ బడి దాటి రోడ్డెక్కితే బోర్డుల నిండా మైళ్ళూ గజాలే కనిపిస్తాయి. మోటార్‌వే మీద ఎగ్జిట్ ఇంకా 300, 200, 100 గజాలు ఉందని చెప్పే పలకలు వరసగా వస్తాయి. అందుకని ఇయర్ ఫైవ్‌లో అంగుళాలు, పౌండ్లు, పైంట్లు సుమారుగా ఎంతో చెప్పి, ఇయర్ సిక్స్‌లో మైళ్ళను కిలోమీటర్లలోకి మార్చడం నేర్పుతారు. 5 మైళ్ళంటే 8 కిలోమీటర్లు, అంగుళమంటే రెండున్నర సెంటీమీటర్లు. పరీక్షకు అంతే చాలు.

మావాడికి అది చాలలేదు. మైలుకి 1,760 గజాలే ఎందుకుండాలి, 2,000 ఎందుకు కాకూడదు అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. "అదంతే, బట్టీ పట్టెయ్" అనడం నాకు నచ్చదు.

వాడికి క్రికెట్ ప్రాణం కాబట్టి పిచ్ దగ్గర మొదలుపెట్టాం. ఈ వికెట్ల నుంచి ఆ వికెట్ల దాకా 22 గజాలు. పాత ఇంగ్లీషు కొలతల్లో దాని పేరు చైను. పది చైన్లు ఒక ఫర్లాంగు, ఎనిమిది ఫర్లాంగులు ఒక మైలు. 22ని పదితో, ఎనిమిదితో హెచ్చవేసి 1,760 వచ్చేసరికి వాడి మొహం చూడాలి! ఫర్లాంగంటే మొదట్లో ఎద్దులు ఆగకుండా దున్నగలిగే చాలు పొడవు. మైలుకి ఎనిమిది ఫర్లాంగులని ఇంగ్లండులో 1593లో చట్టం చేశారు. పొలాల లెక్కలన్నీ అప్పటికే ఫర్లాంగు మీద నడుస్తున్నాయి, దాన్ని కదిలించడం కుదరదు. అందుకే మైలే ఫర్లాంగుకి తగ్గట్టు సర్దుకుంది.

ఆ తర్వాత 1620లో ఎడ్మండ్ గుంటర్ అనే లెక్కల పండితుడు 22 గజాల గొలుసుని వంద లింకులుగా చేశాడు. మూడు, పన్నెండు, అయిదున్నర లాంటి అంకెలతో చిక్కులు పడే కొలతల మధ్యలోకి పదుల లెక్క తెచ్చిపెట్టాడు. పది చదరపు చైన్లు కచ్చితంగా ఒక ఎకరం. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చే మనిషి ఈయనే.

ఎకరం అనగానే లెక్క మా ఊళ్ళకు చేరింది. మా ఆయనది తెనాలి వైపు, నాది జగిత్యాల వైపు. ఆదివారం వీడియో కాల్‌లో తాతయ్యలతో మావాడి మాటలు "తిన్నావా, బాగా చదువుతున్నావా" దగ్గరే ఆగిపోయేవి. ప్రేమ లేక కాదు, ఇద్దరికీ కలిసి మాట్లాడుకునే విషయం లేక. దూరాన పిల్లల్ని పెంచేవాళ్ళందరికీ ఈ దిగులు తెలిసే ఉంటుంది. ఆ వారం మావాడు తెనాలి ఫోన్ రాగానే, "తాతయ్యా, మన పొలం ఎన్ని చైన్లు?" అని అడిగాడు.

మామయ్యగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఆయన చిన్నప్పుడు సర్వే వాళ్ళు ఇనప గొలుసు పట్టుకుని గట్ల వెంట నడిచిన సంగతి దగ్గర మొదలుపెట్టి, "పొడవు లింకుల్లో, వెడల్పు లింకుల్లో రాసుకో నాన్నా. రెండూ గుణించి వెయ్యితో భాగించు. సెంట్లు వచ్చేస్తాయి" అన్నారు. మావాడు 240 లింకుల పొడవు, 150 లింకుల వెడల్పు వేసి చూశాడు. ముప్పై ఆరు వేలు, అంటే 36 సెంట్లు. వంద సెంట్లు ఎకరం. నాలుగు వందల ఏళ్ళ నాటి గుంటర్ గొలుసు తెలుగు రైతు నోట్లో ఇంత సులువుగా పలుకుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది.

తర్వాత మా నాన్నకు ఫోన్. అక్కడ సెంట్ల ముచ్చటే లేదు. "గుంట అంటే ఇటు ముప్పై మూడు ఫీట్లు, అటు ముప్పై మూడు ఫీట్లు బిడ్డా. నలభై గుంటలైతే ఎకరం" అన్నాడు. ముప్పై మూడు అడుగులంటే సరిగ్గా అర చైను! మావాడు గళ్ళ కాగితం మీద ఒక్కో పక్కా పిచ్ పొడవుండే చతురస్రం గీశాడు. నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత. నాలుగు గుంటలు. మొత్తం 484 చదరపు గజాలు. పక్కన "తెనాలి తాతయ్యకి 10 సెంట్లు, జగిత్యాల తాతకి 4 గుంటలు" అని వచ్చీరాని తెలుగులో రాశాడు. గుంటకు రెండున్నర సెంట్లని వాడే తేల్చాడు.

చెప్పుల దాకా కూడా వెళ్ళిందీ లెక్క. ఇక్కడి సైజుల్లో ఒకదానికీ తర్వాతదానికీ తేడా అంగుళంలో మూడో వంతు, పాతకాలంలో దాన్ని బార్లీ గింజ పొడవనేవారు. ఇండియాలో చెప్పుల మీద ఉండేవీ ఎక్కువగా ఈ నంబర్లే, కాబట్టి పండక్కి అమ్మమ్మ కొనిపెట్టేటప్పుడు వాడి సైజు వాడే చెప్పుకుంటాడు.

శనివారాల తెలుగు క్లాసు మంచిదే, మానిపించను. కానీ మావాడు నోరారా తెలుగు మాట్లాడింది మాత్రం అడగాల్సిన ప్రశ్న ఒకటి దొరికాకే. "భాగించు", "గట్టు", "సరిహద్దు రాయి" లాంటి మాటలు ఏ వర్క్‌షీటూ లేకుండా వచ్చేశాయి.

మామయ్యగారు పొలం పటం ఫోటో తీసి పంపారు. అందులో ఒక గట్టు దగ్గర అంకె చెరిగిపోయింది. వేసవి సెలవుల్లో ఊరెళ్ళి టేపు పెట్టి కొలుస్తానని మావాడు మాటిచ్చాడు. లింకంటే 7.92 అంగుళాలు, దాదాపు 20 సెంటీమీటర్లు కాబట్టి 20తో భాగిస్తే సరిపోతుందన్నాడు. మామయ్యగారు ఒప్పుకోలేదు. 250 లింకుల గట్టుకి అలా లెక్కేస్తే దగ్గర దగ్గర అడుగు తేడా వస్తుందనీ, పక్క పొలం వాళ్ళు ఊరుకోరనీ, 20.12తోనే భాగించమనీ చెప్పారు.