గ్రూప్స్‌కి గుహాలయాలు నేను చదివిన పద్ధతి

ఆర్ట్ అండ్ కల్చర్‌లో గుహాలయాలు అనగానే చాలామంది ఎల్లోరా నంబర్లు అప్పజెప్పేస్తారు: 1-12 బౌద్ధం, 13-29 హిందూ, 30-34 జైనం. ప్రిలిమ్స్‌లో ఒక బిట్‌కి చాలు. మెయిన్స్‌కి మాత్రం పరిణామం రాయాలి. అందుకే నేను ప్రతి గుహ దగ్గరా ఒకటే అడుక్కున్నాను: ఈ శిల్పి దేన్ని చూసి చెక్కాడు?

బీహార్‌లోని బరాబర్ కొండలతో మొదలుపెట్టండి. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు ఆజీవకులకి (అప్పటి ఒక సన్యాసి శాఖ) ఇచ్చిన గుహలు అక్కడే ఉన్నాయి. అక్కడి లోమశ ఋషి గుహ ముఖద్వారం చూస్తే, కొయ్య ఇంటి చూరును దూలాల కొసలతో సహా రాతిలోకి దింపేశారు.

అక్కడి నుంచి నేరుగా మన ఏలూరు జిల్లా గుంటుపల్లికి వచ్చేయండి. కోచింగ్ నోట్సుల్లో దీనికి అర లైనుతో సరిపెడతారు, అదే నాకు మింగుడుపడదు. గుండ్రటి చైత్యం (బౌద్ధుల ప్రార్థనా మందిరం), మధ్యలో స్తూపం, కప్పు లోపలివైపు గొడుగు ఊచల్లా రాతి వాసాలు. తొలిచిన కొండకు వాసాలతో పనేముంది? కలపతో కట్టిన అలవాటు చేతుల్లోంచి పోలేదు. మహారాష్ట్రలోని కార్లే బౌద్ధ గుహలోనైతే రాతి కప్పుకు నిజం కలప వాసాలే బిగించారు, ఇప్పటికీ కనిపిస్తాయి.

ఈ వరస మారేది పల్లవుల దగ్గర. ఇటుక, కలప, లోహం, సున్నం లేకుండా బ్రహ్మ, ఈశ్వర, విష్ణువులకు గుడి చేయించానని తమిళనాడులోని మండగపట్టు శాసనంలో పల్లవ రాజు మొదటి మహేంద్రవర్మ చెప్పుకున్నాడు. మెయిన్స్ ఆన్సర్‌కి ఇంతకన్నా మంచి ఇంట్రో నాకు దొరకలేదు. తర్వాత మహాబలిపురం రథాల్లో బండను బయటినుంచే చెక్కారు. అయినా ద్రౌపది రథం కప్పు అచ్చంగా పూరిగుడిసెదే!

ఎల్లోరా 16వ గుహ కైలాసనాథాలయం 8వ శతాబ్దంలో రాష్ట్రకూట మొదటి కృష్ణుడి కాలానిది. కొండను పైనుంచి కిందికి తొలిచారు. కర్ణాటకలోని పట్టదకల్లు విరూపాక్షాలయం పోలికలు ఇందులో స్పష్టంగా ఉంటాయి. అంటే ఈసారి నమూనా కలప కాదు, రాళ్లు పేర్చి కట్టిన గుడి. ఆన్సర్‌ని ఇక్కడికి తెచ్చి ఆపితే పరిణామం మొత్తం వచ్చేసినట్టే.

ఉండవల్లికి నాలుగంతస్తులు, అనంతశయన విగ్రహం, విష్ణుకుండినులు గుర్తుంటే చాలు. మ్యాచింగ్ బిట్లలో అసలు ఇబ్బంది ఉదయగిరితో, ఆ పేరుతో మూడు చోట్లున్నాయి. మధ్యప్రదేశ్‌లోని విదిశ దగ్గరిది గుప్తుల కాలానిది, వరాహ శిల్పం అక్కడిదే. భువనేశ్వర్ దగ్గరిది జైనులది, కళింగ రాజు ఖారవేలుడి హాథీగుంఫా శాసనం ఉన్న చోటు. మన నెల్లూరు జిల్లాలో ఉన్నది కోట. మూడూ ఒకే పేజీలో పక్కపక్కన రాసి పెట్టుకోండి.