కోకో గింజ, సన్నికల్లు, కవ్వం

పశ్చిమ గోదావరి జిల్లాలో, కొబ్బరి చెట్ల నీడన అంతర పంటగా కోకో వేసిన ఇంట్లో నేను పెరిగాను. కాయలు కోసి, పగలగొట్టి, తెల్లటి గుజ్జుతో సహా గింజలను బుట్టల్లో పోసి, పైన అరటాకులూ గోనెసంచులూ కప్పి పులియబెట్టే రోజుల్లో మా పెరడంతా ఘాటైన పుల్లటి వాసన కమ్ముకుని ఉండేది. ఆ తరువాత గింజలు టార్పాలిన్ల మీద ఎండి, గోధుమరంగు తిరిగి, సంచుల్లోకి చేరేవి. వ్యాపారి వచ్చి తూకం వేసుకుని తీసుకువెళ్లిపోయేవాడు. కోకోతో మా ఇంటి సంబంధం అక్కడితో ముగిసేది. వాకిట్లో రాలిన ఒక్కొక్క గింజనూ మా మామ్మ ఓపికగా ఏరి సంచిలో వేసేది కానీ, వాటిలో ఒకదాన్ని కొరికి చూసిన జ్ఞాపకం మాలో ఎవరికీ లేదు.

ఐదేళ్లుగా డాలస్‌లో ఉంటున్న నేను గత నవంబరులో, థాంక్స్‌గివింగ్ సెలవులకు, గ్వాటెమాలాలోని ఆంటిగ్వా అనే పాత పట్టణానికి వెళ్లాను. 1543లో స్పెయిన్ వాళ్లు స్థాపించిన ఈ పట్టణం నేటి మెక్సికోలోని చియాపాస్ నుంచి కోస్టారికా దాకా వ్యాపించిన వలస ప్రాంతానికి రెండు వందల ఏళ్లకు పైగా రాజధానిగా ఉండి, 1773 నాటి భూకంపాలలో కూలిపోయింది. శిథిలమైన చర్చీలు, రాళ్లు పరిచిన వీధులు, దక్షిణాన వీధి చివర నిలబడిన ఆగ్వా అగ్నిపర్వతం, పడమటి దిక్కున అప్పుడప్పుడూ పొగ వదిలే ఫ్యూగో, ఇవన్నీ చూడదగినవే. నేను మాత్రం చాక్లెట్ తయారీనీ దాని చరిత్రనూ కలిపి నేర్పే మూడు గంటల తరగతి కోసమే ప్రధానంగా అక్కడికి వెళ్లాను.

ఒక పాత ఇంటి నడవలో ఎనిమిది మందిమి బల్ల చుట్టూ కూర్చున్నాము. పాఠం చెప్పినావిడ ఆ ప్రాంతపు మూలవాసులైన మాయా జాతిలో కక్చికెల్ తెగ స్త్రీ. ఆవిడ ముందుగా ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క పండిన కాయ పెట్టి, దీన్ని ఎలా తెరుస్తారో చూస్తానన్నారు. మిగిలినవాళ్లు కత్తి కోసం వెతుకుతుండగా, నేను అలవాటు కొద్దీ కాయను రాతి గట్టు అంచుకు అడ్డంగా కొట్టి, రెండు చేతులతో మెలితిప్పి విప్పాను. కత్తి దిగితే లోపలి గింజలకు గాటు పడుతుందని మా నాన్నగారు చిన్నప్పుడే చెప్పారు. ఆవిడ నా వైపు ఆశ్చర్యంగా చూసి, ఇది మీకెక్కడ అలవాటని అడిగారు. మాకు తోట ఉందని చెప్పాను. అయితే మీ ఇంట్లో దీన్ని ఎలా తాగుతారని అడిగారు. తాగము, అమ్ముతామని చెప్పాను. ఆవిడ తల ఊపి పాఠంలోకి వెళ్లిపోయారు. ఆ ప్రశ్న మాత్రం మూడు గంటలూ నాతోనే ఉంది.

కోకో చెట్టు బెండ, గోంగూర, పత్తి, మందారాల కుటుంబానికి చెందినదని నాకు అక్కడే తెలిసింది. పువ్వు పనసలాగా మానుకే పూస్తుంది, కాయ మానుకే కాస్తుంది. చాలా చిన్న ఈగలు వాటిని ఫలదీకరిస్తాయి. ఒక కాయలో ముప్పై, నలభై గింజలుంటాయి. 1753లో వృక్షశాస్త్రవేత్త లినేయస్ దీనికి పెట్టిన థియోబ్రోమా అనే పేరుకు గ్రీకులో దేవతల ఆహారమని అర్థం.

మనుషులు ఈ చెట్టును వాడుకోవడం గురించి ఇప్పటిదాకా దొరికిన అతి పాత ఆధారం ఈక్వెడార్‌లోని శాంతా అనా లా ఫ్లోరిడా అనే చోట తవ్విన పాత్రలలో ఉంది. అది సుమారు 5,300 ఏళ్ల కిందటిది. గ్వాటెమాలా వాళ్లు గర్వంగా చెప్పుకునే పాత్ర మరొకటుంది. 1984లో ఉత్తరాన రియో అజూల్ దగ్గర, అయిదో శతాబ్దపు సమాధిలో, మెలితిప్పి బిగించే మూతతో ఒక కుండ దొరికింది. దాని మీద రాసి ఉన్న మాయా అక్షరాలను కకావ్ అని చదివారు. లోపల అంటుకున్న మడ్డిని హెర్షీ అనే అమెరికా చాక్లెట్ కంపెనీ ప్రయోగశాలలో పరీక్షిస్తే కోకోలో ఎక్కువగా ఉండే థియోబ్రోమిన్ అనే పదార్థం బయటపడింది. పదిహేను వందల ఏళ్ల కిందట కుండ మీద రాసిన మాటా, కుండలోని పదార్థమూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నాయి. మనం నేటికీ కోకో అంటున్నది ఆ మాటకు రూపాంతరమే.

ఇదే గింజ ఆ ప్రాంతాల వాళ్లకు నాణెం కూడా. 1545లో మెక్సికోలోని త్లస్కాలాలో రాసిపెట్టిన ధరల పట్టిక ప్రకారం మంచి టర్కీ కోడిపెట్ట 100 గింజలు, దాని గుడ్డు 3 గింజలు, పెద్ద టమాటా ఒక గింజ. డబ్బు ఉన్నచోట దొంగ డబ్బూ ఉంటుంది కనుక, పొట్టును జాగ్రత్తగా చీల్చి లోపలి పప్పు తీసి మట్టి కూరి మళ్లీ మూసేవాళ్లు. 1502లో హోండూరాస్ తీరాన కొలంబస్ మనుషులు ఒక పెద్ద పడవను పట్టుకున్నప్పుడు, అందులోని వాళ్లు కింద పడిన కోకో గింజలను, తమ కన్నే ఊడి పడినంత కంగారుగా వంగి ఏరుకున్నారని ఆయన కుమారుడు ఫెర్డినాండ్ రాశాడు. ఆ మాట విన్నప్పుడు నాకు మా వాకిలి, చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని వంగి గింజలు ఏరే మామ్మ కళ్లముందు కదిలారు.

ఆ తరువాత పని మొదలైంది. చదునైన మట్టి పెనం మీద గింజలు పోసి, చిటపటలు వినిపించేదాకా చెక్క గరిటెతో కలుపుతూ వేయించాలి. మన ఇళ్లలో పేలాలు వేయించే మంగలానికీ ఆ పెనానికీ పెద్ద తేడా నాకు కనిపించలేదు. పులిసిన గింజలోని పుల్లటి వాసన వేడికి నెమ్మదిగా ఎగిరిపోయి, దాని స్థానంలో చాక్లెట్ వాసన పుట్టుకొచ్చిన ఆ రెండు మూడు నిమిషాలు ఈ ప్రయాణం మొత్తంలో నాకు అత్యంత విలువైనవి. చిన్నప్పటి నుంచి మా పెరట్లో ఉన్న వాసనకు రెండో సగం ఇదన్నమాట. వేయించాక పొట్టు వలిచి, ఆ పొట్టును వేడినీళ్లలో మరిగించి టీలా ఇచ్చారు, అదీ బాగుంది.

పప్పును నూరడానికి తెచ్చిన మెటాటే అనే రాయిని చూడగానే నాకు మాట రాలేదు. నల్లటి అగ్నిపర్వత శిల, మూడు కాళ్లు, ముందుకు కొద్దిగా వాలు, పైన రెండు చేతులతో పట్టుకుని నడిపే రాతి పొత్రం. కాళ్లు తీసేసి నేల మీద పెడితే అది మన సన్నికల్లే. మన పెళ్లిళ్లలో వధువు చేత తొక్కించే ఆ రాయి, మన వంటింట్లో మిక్సీ వచ్చాక పెరట్లోకి చేరిన ఆ రాయి, సముద్రాలకు అవతల ఇంకొక జాతి వంటింట్లో వేల ఏళ్లుగా నలుగుతూ ఉంది. మోకాళ్ల మీద కూర్చుని నూరడం మొదలుపెట్టాను. ముందు రవ్వలా విరిగింది, తరువాత పొడి అయింది, ఆ తరువాత ఏ తడీ కలపకుండానే నూనె ఊరి ముద్దయి, చివరకు రాయి మీద నుంచి జారేంత పలచనైంది. గింజలో సగానికి పైగా కొవ్వే ఉంటుందని చదివితే కలిగే జ్ఞానం వేరు, పొత్రం కింద ఆ కొవ్వు బయటికి రావడం అరచేతులకు తెలియడం వేరు. నా చేతులు త్వరగానే అలసిపోయాయి. ఆవిడ నా భుజాన్ని తాకి, బలం చేతుల్లోంచి కాదు, నడుములోంచి రావాలన్నారు. గోంగూర పచ్చడి నూరేటప్పుడు మామ్మ సరిగ్గా ఈ మాటే అనేది.

ఆ ముద్దతో రెండు పానీయాలు చేశాము. మొదటిది పాతకాలపు పద్ధతి: నీళ్లు, ఎండుమిరప, కొంచెం తేనె, రంగు కోసం ఆచియోతే గింజలు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో జాఫ్రా అని పండించేది ఈ గింజనే. నురగ కోసం పానీయాన్ని ఒక పాత్రలోంచి మరొక పాత్రలోకి ఎత్తునుంచి పోయాలి. ఒక మాయా స్త్రీ నిలబడి అలా పోస్తున్న బొమ్మ ఎనిమిదో శతాబ్దపు పాత్ర మీద నేటికీ ఉంది. మన ఊళ్లలో కాఫీని తిరగబోసే చేతివాటమే అది. రెండోది స్పెయిన్ వాళ్లు వచ్చాక పుట్టినది: పాలు, పంచదార, దాల్చినచెక్క, నురగకు చెక్క మొలినియో. దాన్ని రెండు అరచేతుల మధ్య అటూ ఇటూ తిప్పుతుంటే మజ్జిగ చిలికే చిన్న కవ్వం తిప్పుతున్నట్టే ఉంది. దాల్చినచెక్క సింహళం నుంచి వెళ్లింది, చెరకు నుంచి పంచదార తీసే విద్య మన దేశం నుంచి వెళ్లింది. వాళ్ల మిరప పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి వచ్చి, గుంటూరు పేరుతో ప్రసిద్ధికెక్కింది. టమాటా కూడా అక్కడి నుంచి పేరుతో సహా వచ్చింది. ఇన్ని వచ్చి వెళ్లిన దారిలో కోకో మాత్రం మన వంటింటి గడప దాటి లోపలికి రాకపోవడం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది.

మొదటి పానీయం నాకు ఎక్కువ నచ్చింది. చేదు, కారం, ఒక చిన్న పులుపు, వాటి వెనుక పువ్వు వాసన లాంటిదేదో ఉంది. తీపికి అలవాటుపడిన నాలుక మొదటి గుక్కకు వెనుకాడుతుంది, మూడో గుక్కకు అడుగుతుంది.

ఐరోపాలో జరిగిన కథను ఆవిడ క్లుప్తంగానే చెప్పారు. 1544లో కెక్చి అనే మరో మాయా తెగ పెద్దలు కొందరు డొమినికన్ క్రైస్తవ సన్యాసులతో కలిసి స్పెయిన్ వెళ్లి యువరాజు ఫిలిప్‌కు ఇచ్చిన కానుకలలో చిలికిన చాక్లెట్ ఉన్నట్టు నమోదైంది. మూడు శతాబ్దాలు అది పానీయంగానే ఉండిపోయింది. 1828లో నెదర్లాండ్స్‌లో వాన్ హౌటెన్ గింజలోంచి కొవ్వును వేరుచేసే యంత్రానికి పేటెంట్ హక్కు పొందాడు. 1847లో బ్రిస్టల్‌లో ఫ్రై సంస్థ కొరికి తినే చాక్లెట్‌ను చేసింది. 1870లలో స్విట్జర్లాండ్‌లో డానియెల్ పీటర్ పాలు కలిపాడు, 1879లో లిండ్ట్ గంటల తరబడి మథించి నున్నగా చేసే పద్ధతి కనిపెట్టాడు. ఈనాడు ప్రపంచపు కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనా దేశాలే పండిస్తున్నాయి. అక్కడ పంట దెబ్బతిని 2024లో టన్ను ధర 12 వేల డాలర్లు దాటినప్పుడు మా ఊళ్లో పండుగ వాతావరణం ఉండేది. మరుసటి ఏడాది ధర పడి, కొనేవాళ్లు వెనుకంజ వేసి, మన రైతులు రోడ్డెక్కారు.

చివరి గంట అచ్చుల్లో పోసే పని. చాక్లెట్‌ను 45 డిగ్రీలకు కరిగించి, పాలరాతి బల్ల మీద పరిచి 27 దాకా చల్లార్చి, మళ్లీ 31కి తేవాలి. కోకో వెన్న ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు. వాటిలో అయిదో రకం మాత్రమే మెరుపునూ, విరిచినప్పుడు టప్పుమనే శబ్దాన్నీ ఇస్తుంది. నెయ్యి నిదానంగా చల్లారితే పూస కట్టడం, గబుక్కున చల్లారితే మెత్తగా పేరుకోవడం చూసిన వాళ్లకు ఈ సంగతి కొత్తేమీ కాదు. నేను తొందరపడి వేడి ఎక్కువ చేయడం వల్ల నా పలకల మీద బూడిదరంగు చారలు వచ్చాయి.

బయలుదేరే ముందు ఆవిడ నాకు విడిగా ఒక విషయం చూపించారు. ఎండిన గింజను నిలువుగా కోసి లోపలి రంగు చూడాలి. గోధుమరంగులో, ముడతలతో, పగుళ్లతో ఉంటే బాగా పులిసినట్టు. ఊదారంగులో గట్టిగా ఉంటే పులియలేదన్నమాట. బుట్టలో ముందు గుజ్జులోని చక్కెర సారాగా మారి, తరువాత పులుపెక్కి, వేడి 45 డిగ్రీలు దాటి, గింజలోని మొలక చనిపోతుంది. చాక్లెట్ రుచికి విత్తనం పడేది అప్పుడే. ఆ పని సగంలో ఆపితే ఎంత బాగా వేయించినా, ఎంత మెత్తగా నూరినా రుచి రాదని చెప్పారు.

జనవరిలో సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు, అమ్మ వారించినా వినకుండా, పెరట్లో జామచెట్టు కింద నాచు పట్టి ఉన్న మామ్మ సన్నికల్లును కడిగి ఎండబెట్టాను. సంచిలోంచి పది గింజలు తీసి నాన్నగారి ముందే కోశాను. ఏడు ఊదారంగులో ఉన్నాయి. ఎన్ని రోజులు ఉంచుతున్నారు నాన్నగారూ అని అడిగాను. నాలుగు రోజులమ్మా, నాలుగు ఉంచినా ఏడు ఉంచినా మనకిచ్చే రేటు ఒకటే, ఉంచితే తూకం కూడా తగ్గుతుంది అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

గోధుమరంగు గింజలున్న సంచి ఒకటి వెతికి తీసి, మంగలంలో వేయించి, పొట్టు చెరిగి, సన్నికల్లు మీద నూరాను. అమ్మ కాసేపు చూసి, పక్కకు జరగమని పొత్రం తను అందుకుంది. నాకు అరగంట పట్టే పని ఆవిడ పది నిమిషాల్లో చేసింది. వేడి నీళ్లు, బెల్లం, రెండు ఎండుమిరపకాయల పొడి వేసి కవ్వంతో చిలికి, స్టీలు గ్లాసుల్లో పోసి ఇచ్చాను. ముప్పై ఏళ్లుగా కోకో పండిస్తున్న నాన్నగారు మొదటిసారి తన పంటను రుచి చూశారు. ఒక గుక్క తాగి, గ్లాసు కిందపెట్టి, ఏమీ అనకుండా మళ్లీ అందుకుని పూర్తిగా తాగేశారు.

ఆ మర్నాడు కోత జరిగింది. గింజలు బుట్టలకు ఎత్తుతుండగా నాన్నగారు ఒక బుట్టను పక్కకు పెట్టించి, మూడో రోజున ఒకసారి, అయిదో రోజున ఒకసారి కిందా మీదా చేసి, ఏడో రోజు వరకు దాన్ని ఎండబెట్టవద్దని పనివాళ్లకు చెప్పారు.