విష్ణుచిత్తుల వారి వంటింటి ఋతువులు

మా పెద్దమ్మ ఇంటికి ఎప్పుడు వెళ్లినా, విస్తరి ముందు కూర్చోగానే ఒక మాట వినిపించేది. "పెద్దగా ఏమీ చేయలేదు నాన్నా, ఉన్నదానితోనే సర్దుకో." అప్పటికే విస్తరిలో రెండు కూరలు, పప్పు, పచ్చడి, అంచున అప్పడం ఉండేవి. నెయ్యి గిన్నె చేతిలో పట్టుకుని మరీ ఏమీ చేయలేదంటుంటే, చిన్నప్పుడు నాకు ఆశ్చర్యంగా ఉండేది. అది మర్యాద కోసం అనే మాట అనుకునేవాణ్ణి. 'ఆముక్తమాల్యద'లో ఈ పద్యం చదివాకే ఆ మాటకు ఎంత వయసుందో తెలిసింది.

ఆ నిష్ఠానిధి గేహసీమ నడురే యాలించినన్ మ్రోయు నెం
తే నాగేంద్రశయాను పుణ్యకథలుం దివ్యప్రబంధానుసం
ధానధ్వానము నాస్తి శాకబహుతా నాస్త్యుష్ణతా నాస్త్యపూ
పో నాస్త్యోదనసౌష్ఠవంచ కృపయా భోక్తవ్య మన్మాటలున్

ఆ నిష్ఠాపరుడి ఇంటి దగ్గర నడిరేయి చెవి ఒగ్గితే మూడు రకాల ధ్వనులు వినిపిస్తాయట. శేషశయనుడి పుణ్యకథలు ఒకటి, ఆళ్వార్ల తమిళ పాటల సంపుటి అయిన దివ్యప్రబంధ పారాయణం ఒకటి. మూడోది ఈ మాట: "కూరలు ఎక్కువ లేవు, వేడిగా లేవు, పిండివంటలు లేవు, అన్నం కూడా అంత బాగా కుదరలేదు, దయచేసి భుజించండి."

ఆ నిష్ఠాపరుడు విష్ణుచిత్తుడు. తమిళులు పెరియాళ్వార్ అని కొలిచే మహానుభావుడు. శ్రీవిల్లిపుత్తూరులో మర్రాకు మీద పవళించిన విష్ణువు, వటపత్రశాయికి పూలతోట పెంచడం, మాలలు కట్టి సమర్పించడం ఆయన నిత్యకృత్యం. ఆయన కథను తెలుగులో చెప్పినవాడు 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు. కళింగ దండయాత్రకు వెళ్తూ దారిలో కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో ఆగినప్పుడు, ఏకాదశి ఉపవాసం ఉన్న రాత్రి ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి, విష్ణుచిత్తుడి పెంపుడు కూతురు గోదాదేవితో తన పెళ్లికథ తెలుగులో చెప్పమన్నాడని ఆయనే రాసుకున్నాడు. ఒక చక్రవర్తి, యుద్ధానికి పోతున్న దారిలో అందుకున్న ఆజ్ఞ అది. దానికి ఆయన ఇచ్చిన జవాబులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఈ పూలమాలల బ్రాహ్మణుడి వంటిల్లు.

ఈ పద్యంలో నన్ను పట్టి నిలిపే మాట 'నడురే'. నడిరేయి! దారి నడిచి అలసిన వైష్ణవ యాత్రికులు వేళగాని వేళ తలుపు తడతారు. కూరలు అయిపోయి ఉంటాయి, అన్నం చల్లారి ఉంటుంది. కాబట్టి విష్ణుచిత్తుడు చెప్పేది వట్టి వినయం కాదు, నిజం కూడా కావచ్చు. వచ్చినవాళ్లు ఏ దేశం వాళ్లో, ఏ భాష వాళ్లో తెలియదు. అందరికీ తెలియాలనే ఆ మాట సంస్కృతంలో అన్నాడేమో అనిపిస్తుంది నాకు. రాయలవారు ఆ క్షమాపణను వేరే పద్యంలో పెట్టలేదు. హరికథ, ప్రబంధఘోష, వడ్డన మాట, మూడింటినీ ఒకే ఊపిరిలో, ఒకే క్రియతో 'మ్రోయు' అన్నారు. అంటే ఆ ఇంట్లో మూడూ పారాయణమే.

ఇక ఋతువుకొక భోజనం వర్ణించిన పద్యాలున్నాయి, వాటిని చదివితే ఆకలి వేయకుండా ఉండదు. వానకాలం ముసురు. ఆకాశం నీటిబుగ్గలా కారుతోంది, కట్టెలన్నీ నానిపోయాయి. పొగ వస్తే వండే భార్య కళ్లు మండుతాయి కదా. అందుకని ఆ ఇంట్లో కొబ్బరి చిప్పలు అంటించి వండుతారట. ఆ నిప్పు మీద వరి అన్నం, పప్పు, నాలుగైదు పోపు పెట్టిన కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, అన్నిటిమీదా ధారాళంగా నెయ్యి. సింహాసనం మీద కూర్చున్న మనిషికి, పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలి కళ్లలో పొగ ఎలా కనిపించింది? వరుగుల సంగతి ఎలా తెలిసింది? ఎండల్లో కూరగాయలు కోసి ఎండబెట్టి దాచుకుంటేనే వానల్లో వరుగులుంటాయి. ముసురు రోజున వచ్చే అతిథి కోసం వేసవిలోనే ఏర్పాటు జరిగిందన్నమాట. ఎవరు వస్తారో తెలియకుండానే ఎదురుచూడటం ఇది.

వేసవిలో వడ్డన తీరే మారిపోతుంది. ముందు ఒంటికి చందనం. తరువాత నులివెచ్చని అన్నం, తియ్యని చారులు, పలుచని అంబలి, చెరకురసం, లేత కొబ్బరినీళ్లు, పళ్లు, ఊరిన మామిడి పిందెలు, పరిమళం వేసిన చల్లని నీరు, చివర నీళ్లమజ్జిగ. చలికాలం వస్తే కొత్త బియ్యపు అన్నం, మిరియపుపొడి చల్లిన వేడివేడి కూరలు, ముక్కుకు ఘాటు తగిలే ఆవపచ్చళ్లు, పాయసం, ఊరగాయ, 'చే సుఱుక్కను నేయి'. చేతి మీద పడితే చురుక్కుమనేంత వేడి నెయ్యి. ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఒక మార్గశిరంలో శ్రీవిల్లిపుత్తూరు వెళ్లాను. మదురై నుంచి బస్సులో పోతుంటే పడమటి కొండలు నీలంగా పక్కనే నడిచి వస్తాయి. వటపత్రశాయి ఆలయానికి 11 అంతస్తుల గోపురం. దానికీ, తమిళులు ఆండాళ్ అని పిలిచే గోద సన్నిధికీ నడుమ నందనవనం ఉంది. తులసి మొక్క మొదట్లో విష్ణుచిత్తుడికి పసిబిడ్డగా గోద దొరికిన చోటు అదేనని చెబుతారు. గోద ముడిచి విడిచిన మాలనే స్వామి కోరుకున్న కథ అందరికీ తెలిసిందే.

నేను కళ్లార్పకుండా చూసింది మాత్రం అమ్మవారి ఎడమ చేతిలోని చిలుకను. అది బంగారు చిలుక కాదు, ఆకుల చిలుక. ప్రతిరోజూ కొత్తగా కడతారు. పచ్చని ఒంటికి కర్రపెండలం ఆకులు, ముక్కుకు దానిమ్మ పువ్వు, రెక్కలకు నందివర్ధనం ఆకులు. కట్టడానికి గంటలు పడుతుంది. మర్నాటికి వాడిపోతుంది, మళ్లీ కడతారు. లోహంతో ఒక్కసారి పోత పోస్తే సరిపోయేది కదా అని ఎవరైనా అనవచ్చు. కానీ విష్ణుచిత్తుడి వంట కూడా అంతే. ఈ పూటది ఈ పూటకే. ఆ చిలుక కట్టే చేతులు, రోజూ మాలలు కట్టిన చేతులు, అర్ధరాత్రి అన్నం వడ్డించిన చేతులు ఒకే వంశానివని అక్కడ నిలబడి ఉన్నప్పుడు నాకు గట్టిగా అనిపించింది. బయటికి వచ్చి వీధిలో ఆ ఊరి పాలకోవా కొనుక్కుని తిన్నాను. ఆకు మీద పెట్టి ఇచ్చిన ఆ ముద్ద కూడా నాకు ప్రసాదంలానే తోచింది.

ఇప్పుడు నెయ్యి దగ్గరికి. గోద తమిళంలో పాడిన తిరుప్పావైలో పాశురాలు, అంటే పద్యాలు, ముప్పై. ధనుర్మాసంలో రోజుకొకటి పాడతారు. రెండో పాశురంలో గోద తన చెలులతో కలిసి నోముకు నియమాలు చెబుతుంది. నెయ్యి తినం, పాలు తాగం, కాటుక పెట్టుకోం, పూలు ముడవం. ఆలోచించండి, ఎవరింటి పిల్ల ఈ మాట అంటోందో! పూలతోటలో దొరికిన పిల్ల పూలు వద్దంటోంది. చేయి చురుక్కుమనే నేతి వడ్డన జరిగే ఇంటి పిల్ల నెయ్యి వద్దంటోంది. తనకు అన్నిటికన్నా దగ్గరివేవో వాటినే పక్కన పెట్టింది. రాయలవారు ఎన్నో వందల ఏళ్ల తరువాతివారు, నిజమే. కానీ ఆ వంటింటిని ఆయన వర్ణించాక నేను ఈ పాశురాన్ని దాన్నుంచి విడదీసి వినలేకపోతున్నాను.

ఇరవై ఏడో రోజు వస్తుంది. 'కూడారై' పాశురం. గాజులు, దండకడియాలు, చెవులకు కమ్మలు, కాళ్లకు అందెలు అడుగుతుంది. కొత్త చీర కట్టుకుంటామంటుంది. ఆపైన పాలన్నం. అన్నం మునిగిపోయేలా నెయ్యి పోయాలి, ఆ నెయ్యి మోచేతి దాకా కారాలి. వదిలిందంతా తిరిగి వచ్చింది, ఇంకొంచెం ఎక్కువగానే వచ్చింది. అయితే పాశురం నేతితో ఆగదు. 'కూడి ఇరుందు కుళిర్న్దు' అంటుంది. నీతో కూడి కూర్చుని చల్లబడాలి అని. ఇరవై అయిదు రోజులు దూరం పెట్టినది రుచి మీద కోపంతో కాదు. ఒంటరిగా తినకూడదని, ఆయన పక్కన లేకుండా తినకూడదని.

అడిగినవన్నీ ఆమెకు బతికుండగా తీరలేదంటారు. మదురై దగ్గరి తిరుమాలిరుంచోలై స్వామికి నూరు గంగాళాల వెన్న, నూరు గంగాళాల చక్కెరపొంగలి సమర్పిస్తానని తన మరో పాటల సంపుటి నాచ్చియార్ తిరుమొళిలో మొక్కుకుంది. ఆ మొక్కును తరువాతి కాలంలో రామానుజులు చెల్లించి శ్రీవిల్లిపుత్తూరుకు వస్తే, గర్భగుడిలోంచి "అన్నా" అని పిలుపు వినిపించిందట. చెల్లెలు మొక్కుకున్న వంట అన్న వండించాడు. ఈ కథ విన్నప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి. ఇంతకన్నా పెద్ద తత్త్వం నాకు అక్కర్లేదు.

మా ఊరి గుడిలో కూడారై నాడు 108 గిన్నెల్లో క్షీరాన్నం వరసగా పేరుస్తారు. పోయినేడు ప్రసాదం పంచేసరికి చీకటి ఇంకా పూర్తిగా విడలేదు. మంచులో ముగ్గులు తడిగా ఉన్నాయి, గొబ్బెమ్మల మీద గుమ్మడిపూలు అప్పుడే విచ్చుకున్నాయి. వడ్డిస్తున్న అర్చకస్వామి భార్య నా దొన్నెలో పొంగలి వేసి, గరిటెతో నెయ్యి పోశారు. దొన్నె అంచు దాటి వేడి నెయ్యి నా వేళ్ల మీదుగా మణికట్టు దాకా జారింది. ఆవిడ కంగారుగా కొంగు అందుకుంటూ అన్నారు, "పొంగలి ఈసారి కాస్త గట్టిపడింది బాబూ, ఏమీ అనుకోకు, తిను."