ఓర్వకల్లు నుంచి బెంగళూరు: మబ్బులో తిరిగిన మలుపు

కర్నూలు వాళ్లు విమానం ఎక్కాలంటే ముందు ఓర్వకల్లు చేరాలి. నంద్యాల బస్సులో చవకగానే పోవచ్చు. కానీ హైవే మీద దిగాక టెర్మినల్ దాకా పెట్టె లాక్కుంటూ పోయేదెవరు? కారు మాట్లాడుకుంటే డ్రైవరు అడిగిన డబ్బుకు ఇంకో మూడొందలు కలిపితే రాత్రి బస్సులో బెంగళూరులో దిగొచ్చు. విమానం టికెట్ ముందే తీశాను కాబట్టి ధర భరించదగ్గట్టే ఉంది. నా ఒళ్లు మండించింది ఈ ఇరవై కిలోమీటర్లే. ఇంత మంచి విమానాశ్రయం కట్టి, విమానం వేళకు ఊళ్లోంచి ఒక బస్సు నడపడానికి ఏమి అడ్డం?

అయినా విమానంలోనే పోవాలని పట్టుబట్టాను. కంప్యూటర్‌లో ఫ్లైట్ సిమ్యులేటర్, అంటే విమానం నడిపే గేమ్, ఆడటం నాకు చాలా ఏళ్ల నుంచీ ఉన్న ఇష్టం. 2020లో మైక్రోసాఫ్ట్ కొత్త సిమ్యులేటర్ వచ్చినప్పుడు ఉపగ్రహ చిత్రాలతో మన ప్రాంతమంతా తెర మీదికొచ్చింది. హంద్రీ వెళ్లి తుంగభద్రలో కలిసే చోటును పైనుంచి మొదటిసారి చూసింది అందులోనే. 2021 మార్చిలో ఓర్వకల్లు నుంచి విమానాలు మొదలయ్యాయి. 2023లో గేమ్‌లోకి ఏటీఆర్ 72-600 వచ్చింది. మన చిన్న ఊళ్లకు తిరిగే రెండు ప్రొపెల్లర్ల విమానం అదే. అప్పటి నుంచి రాత్రి భోజనమయ్యాక కర్నూలు–బెంగళూరు దారి నాదే. నిజంగా మాత్రం ఏటీఆర్ ఎప్పుడూ ఎక్కలేదు. ఇంతకుముందు ఎక్కినవి పెద్ద జెట్‌లు. వాటిలో కూడా నడవ పక్క సీట్లో నిద్రపోతూ పోయిన ప్రయాణాలే ఎక్కువ.

ఆగస్టు నెల, ముసురు పట్టిన ఉదయం. ఏటీఆర్‌కు వెనక తలుపు నుంచే ఎక్కాలి. ముందు భాగంలో, పైలట్లకూ ప్రయాణికులకూ మధ్య సామాన్లు పెడతారు. రెక్క పైన ఉంటుంది కాబట్టి కిటికీలోంచి కిందంతా కనిపిస్తుంది. ఏటీఆర్‌లో నాకు బాగా నచ్చేది అదే. కుడివైపు కిటికీ సీటు నాది. పక్క సీట్లో తెల్ల చొక్కా, పంచె కట్టిన పెద్దాయన. కూర్చోగానే నా మీదుగా వంగి ప్రొపెల్లర్ చూశారు.

"ఆరు రెక్కలుండాయే అప్పా. రెండో మూడో ఉంటాయనుకుంటి."

ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారట. ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ రోడ్డులో ఏళ్ల తరబడి బస్సు నడిపారు. బెంగళూరులో కూతురింటికి పోతున్నారు. టికెట్ ఆమే తీసి పంపిందట. భయం లేదు గానీ మనిషి నిండా ప్రశ్నలే. స్టీరింగ్ ఎట్లుంటాది, బ్రేకు కాలితోనా చేత్తోనా, గాలి పక్కనుంచి కొడితే బండిని ఎట్ల పట్టుకుంటారు. ఒక్కటి కూడా ఊరికే అడిగింది కాదు. ఇన్నేళ్లుగా ఇంట్లో, ఆఫీసులో "ఆ గేమ్ మానుకోవా" అన్నవాళ్లే తప్ప ఇంత శ్రద్ధగా అడిగినవాళ్లు లేరు. నాకు తెలిసినదంతా సంతోషంగా చెప్పాను.

టేకాఫ్‌కు ముందు ఆయనకు ఒక మాట చెప్పి ఉంచాను. "పెద్దాయనా, పైకి లేచిన కాసేపటికి ఇంజను శబ్దం ఒక్కసారిగా తగ్గుతుంది. కంగారు పడొద్దు, అది వాళ్లు తగ్గించుకునేదే." ఏటీఆర్‌లో టేకాఫ్‌కు ప్రొపెల్లర్ వంద శాతం వేగంతో తిరుగుతుంది, ఎక్కేటప్పుడు 82 శాతానికి దించుతారు. గేమ్‌లో ఆ స్విచ్ తిప్పేది నేనే కాబట్టి ఆ శబ్దం మారే క్షణం నాకు కంఠస్థం. రెక్క వెనక అంచున ఉండే ఫ్లాపులు లోపలికి పోయే మోటారు రొద, చక్రాలు మడుచుకున్నప్పుడు కాళ్ల కింద వచ్చే చప్పుడు, అన్నీ అచ్చం గేమ్‌లో విన్నట్టే వరసగా వచ్చాయి. సిమ్యులేటర్ చేసినవాళ్ల మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

కానీ శబ్దం తగ్గగానే కడుపులో ఏదో జారినట్టయింది. విమానం కిందికి దిగిపోతున్నట్టే అనిపించింది. కారణం ముందే తెలుసు. వేగం పెరగడం కాస్త తగ్గితే చాలు, ఒంటి నిలకడ చూసుకునే లోపలి చెవి దాన్ని విమానం ముక్కు కిందికి వంగినట్టు లెక్కేసుకుంటుంది. తెలిసి కూడా చేతులు సీటు పట్టుకున్నాయి. పెద్దాయన మాత్రం "చెప్పినావు గదా" అని నవ్వారు.

డోన్, గుత్తి దాటాక కింద ఏమీ కనిపించలేదు. అంతా మబ్బే. గాలిలో దూరం మూడొందల కిలోమీటర్ల లోపే కాబట్టి పైకి వెళ్లిన కాసేపటికే దిగడం మొదలైంది. వానాకాలంలో గాలి పడమటి నుంచి వస్తుంది. గాలికి ఎదురుగా దిగాలి కాబట్టి బెంగళూరులో పడమటి వైపు తిరిగి దిగుతారు. మనం ఉత్తరం నుంచి పోతాం. కాబట్టి తూర్పుగా వెళ్లి, కుడికి తిరిగి, మళ్లీ కుడికి తిరగాలి. గేమ్‌లో ఎన్నో రాత్రులు తిరిగిన మలుపులవి. ఇప్పుడు మబ్బులో ఉన్నాం. మలుపు ఒంటికి ఎలా తెలుస్తుందో చూద్దామని కళ్లు మూసుకుని కూర్చున్నాను.

ఏమీ తెలియలేదు. తిన్నగా పోతున్నట్టే ఉంది. కళ్లు తెరిచి చూస్తే కిటికీలో తెలుపు తప్ప మరేం లేదు. పెద్దాయన చేతిలో సగం తాగిన నీళ్ల సీసా ఉంది. అందులో నీళ్లు సీసా అడుగుకు సమానంగా, రవ్వంత కూడా ఒరగకుండా నిలబడి ఉన్నాయి. ఇంకా తిరగలేదన్నమాట అనుకున్నాను. అంతలో మబ్బు చిరిగింది. కిటికీ నిండా నేలే! ద్రాక్ష తోటల వలలు, ఎర్రమట్టి రోడ్డు, రేకుల షెడ్లు, అన్నీ నా భుజం కిందికి వచ్చి ఉన్నాయి. విమానం కుడికి బాగా ఒరిగి తిరుగుతోంది. సీసాలో నీళ్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. మరు నిమిషంలో రెక్కలు సమానం చేశారు. బయట నేల తిన్నగా కనిపిస్తుంటే నా ఒళ్లు మాత్రం ఎడమకు పడిపోతున్నానంది.

పెద్దాయన కూడా చూశారు. ఆయన అడిగిన ప్రశ్న ఇప్పటికీ నాలో తిరుగుతోంది.

"ఘాట్‌లో బస్సు మలుపు తిప్పితే లోపలోళ్లంతా పక్కకు ఒరుగుతారు. నాకు నడుము దగ్గరే తెలుస్తాది, ఎంత తిరిగిందో, టైరు పట్టుందో లేదో. దీంట్ల తిరిగింది కదా, మరి మనం ఒరగలేదేం?"

బస్సు ఒరగకుండా తిరుగుతుంది కాబట్టి మనం ఒరుగుతాం. విమానం తానే ఒరిగి తిరుగుతుంది. నేల లాగే బలం, మలుపు నెట్టే బలం రెండూ కలిసి సరిగ్గా సీటు కిందికే వస్తాయి. ముప్పై డిగ్రీలు వాలినా మన బరువు 15 శాతం పెరుగుతుందంతే, పక్కకు తోసేది ఏమీ ఉండదు. నీళ్లు ఒరగనిదీ అందుకే. పోతే, మలుపును పట్టుకోవాల్సింది చెవి లోపలి అర్ధవృత్తాకార నాళాల్లో ఉండే ద్రవం. మలుపు నెమ్మదిగా మొదలైతే అది కదిలినట్టు కూడా మనకు తెలియదు. మలుపు అలాగే కొనసాగితే పది ఇరవై సెకన్లలో ద్రవం కూడా నాళంతో పాటే తిరుగుతూ, అంతా తిన్నగా ఉందని కబురు పంపుతుంది. మలుపు ఆపగానే ఎదురు వైపుకు తిరుగుతున్నామంటుంది. పైలట్లు మబ్బులో తమ ఒంటి మాట నమ్మకుండా ఎదుటి పరికరాన్నే నమ్మాలని నేర్పేది ఇందుకే.

ఇదంతా చెప్తే ఆయన చాలాసేపు ఊరుకున్నారు. "అంటే నడుము అబద్ధం చెప్తాదన్న మాట. మా పనిలో అది అబద్ధం చెప్తే అందరం లోయలోకే" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, వై.ఎస్. రాజశేఖర రెడ్డి హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలిన రోజు తాను ఆత్మకూరు బస్టాండులోనే ఉన్నానని చెప్పారు. 2009 సెప్టెంబర్ 2. కొండలే కనిపించనంత మబ్బు, వాన. ఆచూకీ దొరికింది మర్నాడు. ఆ ప్రమాదాన్ని నేను చెప్పిన సంగతితో ముడిపెట్టడానికి నేనెవరిని? కానీ మా జిల్లాలో మబ్బూ విమానమూ ఒక మాటలో వస్తే ఆ రోజు రాకుండా ఉండదు.

నన్ను పట్టుకున్నది ఇది. గేమ్‌లో ఆ మలుపు నేను ఎప్పుడూ తప్పుగా తిప్పింది లేదు. తెర మీద మబ్బు ఉన్నా, విమానం ఎంత ఒరిగిందో చూపే పరికరం, కృత్రిమ దిగంతం ఉంటుంది, దాన్ని చూసి తిప్పుతాను. అది తేలిక. ఎందుకంటే నా ఒళ్లు కుర్చీలో నెమ్మదిగా కూర్చుని ఉంది, పరికరంతో వాదించేవాడు ఎవరూ లేరు. నిజం విమానంలో ఆ వాదనే పని. 1954లో అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు పరికరాలతో నడపడం రాని 20 మందిని ఇలాంటి స్థితిలో పెట్టి చూశారు. ఇరవై మందీ అదుపు తప్పారు. సగటున పట్టిన సమయం 178 సెకన్లు.

అసలు సిమ్యులేటర్ ఊపందుకున్నదే ఈ మబ్బు వల్ల. ఎడ్విన్ లింక్ అనే అమెరికన్ 1929లో, తన తండ్రి ఆర్గన్ వాయిద్యాలు చేసే కార్ఖానాలోని గాలితిత్తులు వాడి ఒక పెట్టె తయారు చేశాడు. లోపల కూర్చుంటే అది ఒరుగుతుంది, తిరుగుతుంది, బయటేమీ కనిపించదు. మొదట్లో కొన్నవాళ్లు తక్కువ. 1934లో అమెరికా సైన్యం పైలట్లకు టపా మోసే పని అప్పగిస్తే చెడు వాతావరణంలో చాలామంది చనిపోయారు. ఆ తర్వాతే సైన్యం ఆ పెట్టెలు కొన్నది. అంటే తొంభై ఏళ్ల కిందటి పెట్టెలో ఒళ్లు ఒరిగింది. నా బల్ల మీది కంప్యూటర్‌లో బెంగళూరు కనిపిస్తుంది గానీ ఒళ్లు కదలదు.

సిమ్యులేటర్ ఆడేవాళ్లలో కొందరు "పైలట్లు పడిపోతే నేను దింపేస్తా" అంటుంటారు. ఏ స్విచ్ ఎక్కడుందో, ఏది ముందో వాళ్లకు తెలుసు, ఆ మాట నిజం. మబ్బులో పది నిమిషాలు ఒళ్లు చెప్పేది వినకుండా కూర్చోగలరా అన్నది కుర్చీలో తేలేది కాదు.

బెంగళూరులో నాలుగు రోజుల పని గురించి చెప్పడానికేమీ లేదు, అంతా ట్రాఫిక్. తిరుగు టికెట్ ధర చూస్తే వెళ్లినప్పటికి రెండింతలు పైనే. రాత్రి బస్సులో వచ్చేశాను. తెల్లవారుజామున గుత్తి దగ్గర మెలకువొచ్చింది. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ఒళ్లు పక్కకు ఒరగడాన్ని కాసేపు శ్రద్ధగా గమనించాను.

ఇంటికొచ్చాక అదే దారి, అదే మబ్బు పెట్టుకుని గేమ్‌లో మళ్లీ తిప్పాను. మిత్రుడొకడు వీఆర్ హెడ్‌సెట్ కొను, అంతా నిజంగా ఉన్నట్టే ఉంటుంది అంటున్నాడు. నాకు ఒప్పుదల కాలేదు. హెడ్‌సెట్‌లో కన్ను ఒరిగామంటుంది, చెవి లేదంటుంది. చాలామందికి వాంతి వచ్చేది ఆ తగువు వల్లే. మబ్బులో జరిగేది దానికి తలకిందులు: కంటికి ఏమీ అందదు, చెవి అబద్ధమాడుతుంది, నిజం చెప్పేది ఒక్క పరికరమే. అందుకని హెడ్‌సెట్‌కు తీసిపెట్టిన డబ్బు అలాగే ఉంచాను. ఏదైనా ఫ్లయింగ్ స్కూల్లో, శిక్షకుడి పక్కన, బయట కనిపించకుండా నెత్తికి హుడ్ కట్టుకుని ఒక గంట ఎగరడానికి ఎంత తీసుకుంటారో కనుక్కుంటున్నాను. మొదట చెప్పిన ధర వింటే గుండె గుభేలుమంది. ఇంకో రెండు చోట్ల అడగాలి.