పాలం హ్యాంగర్‌లో ప్రొపెల్లర్ ఎటు తిరుగుతుంది?

ఢిల్లీ పాలంలోని వైమానికదళ మ్యూజియానికి సోమ, మంగళవారాల్లో వెళ్లకండి, మూసి ఉంటుంది. జెట్ విమానాలను తిరిగొచ్చేటప్పుడు చూద్దామని నేరుగా హ్యాంగర్‌లోకి నడిచాను. మెర్లిన్ ఇంజన్ ఉన్న హరికేన్, గ్రిఫాన్ ఇంజన్ ఉన్న స్పిట్‌ఫైర్ 18, ఈ రెండు బ్రిటన్ యుద్ధ విమానాలూ ఇక్కడే ఉన్నాయి.

హరికేన్ ముక్కుకు ఎదురుగా నిలబడి, పైకి ఉన్న బ్లేడును చూడాలి. దాని ఒక అంచు గుండ్రంగా, మందంగా ఉంటుంది, రెండోది పలచగా ఉంటుంది. గాలిని ముందుగా కోసేది మందపు అంచే. హరికేన్‌లో అది మన ఎడమ వైపు ఉంది. అంటే పైలట్ సీట్లోంచి చూస్తే ప్రొపెల్లర్ సవ్యదిశలో తిరుగుతుంది. స్పిట్‌ఫైర్ 18 దగ్గరకు వెళ్తే అయిదు బ్లేడ్లు, మందపు అంచు మన కుడి వైపు. గ్రిఫాన్ అపసవ్యంగా తిరుగుతుంది. దీన్ని రహస్య వ్యూహంలా చెప్పేవాళ్లున్నారు. నిజానికి అది బ్రిటన్ విమాన తయారీదారుల సంఘం కోరిన ప్రామాణిక దిశ. దానికి ఎదురు తిరిగింది మెర్లినే.

‘టార్క్ వల్లే విమానం పక్కకు లాగేస్తుంది’ అనే మాట ప్రతిచోటా వినిపిస్తుంది. సగమే నిజం. టార్క్ అంటే మెలిపెట్టే బలం. ప్రొపెల్లర్ తిరిగే దిశకు ఎదురుగా విమానాన్ని పక్కకు ఒరిగించడమే అది చేసే అసలు పని. హరికేన్‌లో ఎడమ చక్రం మీద బరువు పెరుగుతుంది, దానివల్ల కొంత లాగుడు వస్తుంది. ముక్కు ఎడమకు తిరగడంలో పెద్ద వాటా మాత్రం ప్రొపెల్లర్ నుంచి మెలి తిరుగుతూ వచ్చే గాలిది. అది నిలువు తోకను ఎడమ వైపు నుంచి కొట్టి కుడికి నెడుతుంది. తోక నేల మీద ఉన్నంతసేపు కుడి పక్కన కిందికి దిగే బ్లేడు ఎక్కువ లాగి, ముక్కును అదే ఎడమకు నెడుతుంది. తోక లేవగానే జైరో ప్రభావం (వేగంగా తిరిగేదాన్ని వంచితే అది పక్కకు మళ్లడం) ఒక్క కుదుపుతో ముక్కును ఇంకా ఎడమకు తిప్పుతుంది. గ్రిఫాన్‌లో ఇవన్నీ తిరగబడి కుడికి పనిచేస్తాయి.

అందుకే మెర్లిన్ ఇంజన్ ఉన్న పాత రకం స్పిట్‌ఫైర్‌కు టేకాఫ్ ముందు రడ్డర్ ట్రిమ్ (నిలువు తోక చుక్కానిని ఒక పక్కకు ఉంచే సర్దుబాటు) పూర్తిగా కుడికి పెడతారు, గ్రిఫాన్‌ ఉన్నదానికి పూర్తిగా ఎడమకు. పాత అలవాటుతో కుడికి పెట్టి థ్రాటిల్ తోసేస్తే రన్‌వే కుడి అంచు దాటడానికి ఎంతో సేపు పట్టదు. థ్రాటిల్ నెమ్మదిగా తెరవాలి, పూర్తి శక్తి అడగకూడదు. తొందరపడితే విమానం అడ్డంగా జారి టైర్లు అరిగిపోతాయి.

ఇంకో అపోహ కాస్త తెలివైనది: ‘మెర్లిన్ క్రాంక్‌షాఫ్ట్ (ఇంజన్ లోపలి ప్రధాన ఇరుసు), ప్రొపెల్లర్ ఎదురెదురుగా తిరుగుతాయి కాబట్టి టార్క్ రద్దవుతుంది.’ కాదు. స్థిర వేగంలో విమానం మోసేది ప్రొపెల్లర్ షాఫ్ట్ టార్క్‌నే, గేర్లు లోపల ఎటు తిరిగినా సరే. లెక్క సులభం: హార్స్‌పవర్‌ను 7,121తో గుణించి ప్రొపెల్లర్ ఆర్‌పీఎంతో (నిమిషానికి తిరిగే చుట్లతో) భాగిస్తే టార్క్ న్యూటన్ మీటర్లలో వస్తుంది. హరికేన్ 2లోని మెర్లిన్ 20కి టేకాఫ్‌లో 1,280 హార్స్‌పవర్, ఇంజన్ 3,000 ఆర్‌పీఎం, గేర్ నిష్పత్తి 0.42. ప్రొపెల్లర్ 1,260 ఆర్‌పీఎం, టార్క్ సుమారు 7,200. ఇంజన్ ఆర్‌పీఎంతో భాగించి 3,000 చిల్లర చూపించేవాళ్లు గేర్‌బాక్స్‌ను మర్చిపోయినట్టే.

టార్క్‌ను తట్టుకోవడానికి రెక్కల్లో ఒకటి పొడవుగా కట్టారన్న కథ మాత్రం కట్టుకథ కాదు. ఇటలీ యుద్ధ విమానం మక్కీ 202లో ఎడమ రెక్క కుడిదానికన్నా దాదాపు 20 సెంటీమీటర్లు పొడవు. దాన్ని అన్ని యుద్ధ విమానాలకూ అంటగట్టడమే తప్పు.

వాపిటి అనే పాత విమానం దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. దాని జూపిటర్ ఇంజన్‌ను చూసి ‘సిలిండర్లతో సహా తిరుగుతుంది’ అనుకోవడం మామూలే. ఇది రేడియల్, అంటే సిలిండర్లు చుట్టూ వలయంలా అమర్చిన ఇంజన్, అవి కదలవు.

బయట అమెరికా బాంబర్ లిబరేటర్ ఉంది. కాన్పూర్‌లో తుక్కుగా వదిలేసిన లిబరేటర్లను హెచ్‌ఏఎల్ బెంగళూరులో బాగుచేస్తే, మన దళం 1968 దాకా నడిపింది. నాలుగు ఇంజన్లున్నాయి కదా, రెండు ఇటూ రెండు అటూ తిరుగుతాయనుకుంటారు. బ్లేడ్ల అంచులు చూస్తే తెలుస్తుంది, నాలుగూ ఒకే దిశ. ఎదురెదురుగా తిప్పాలంటే రెండు రకాల ఇంజన్లు, విడిభాగాలు నిల్వ ఉంచుకోవాలి. అమెరికా పీ-38 ఆ ఖర్చు భరించింది. అన్నీ ఒకే దిశలో తిరిగే లిబరేటర్ పైలట్‌కు మాత్రం ఎడమ చివరి ఇంజన్ ఆగిపోవడమే అన్నిటికన్నా పెద్ద చిక్కు.